చిన్న గ్రీకు దీవికి వెళ్తున్నారా? ముందు తిరుగు టికెట్ చూసుకోండి

మీ ప్రశ్న: ‘ఆగస్టు చివర్లో అమ్మానాన్నలతో గ్రీస్‌లో ఒక చిన్న దీవిలో వారం రోజులు ఉండబోతున్నాం. ఎలాంటి బట్టలు, ఏ సన్‌స్క్రీన్ తీసుకెళ్లాలి? ఇంకేం సిద్ధం చేసుకోవాలి?’

బట్టల సంగతి తర్వాత. ముందు మీ తిరుగు విమానం టికెట్ తీసి చూడండి. దీవి నుంచి ఓడలో వచ్చిన రోజే ఏథెన్స్‌లో విమానం ఎక్కేలా ఉంటే, మిగతాది చదవడం ఆపి ముందు దాన్ని మార్చుకోండి.

మేం మార్చుకోలేదు. నేనుండేది మ్యూనిక్‌లో. మూడేళ్ల కిందట అమ్మా నాన్నా తెనాలి నుంచి వస్తే, జర్మనీ వాళ్లిచ్చిన షెంగెన్ వీసా గ్రీస్‌కీ చెల్లుతుంది కదా అని ఆగస్టు ఆఖర్లో ఆమోర్గోస్ తీసుకెళ్లాను. సైక్లడీస్ దీవుల్లో తూర్పు కొసన ఉంటుంది. జనాభా రెండు వేలకు అటూ ఇటూ. విమానాశ్రయం లేదు. ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవు నుంచి ఓడలో మాకు ఎనిమిది గంటలు పట్టింది. అందరూ వెళ్లే శాంటోరిని దీవి వదిలేసి అక్కడికెందుకు వెళ్లారని మా పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది. నీలం గుమ్మటం ముందు గాలికెగిరే గౌను వేసుకుని దిగిన ఫోటో లేకపోతే గ్రీస్ వెళ్లినట్టే కాదట! ఏడు రోజుల్లో ఐదు దీవులు చుట్టేసే వీడియోలు చూసి జనం ఇలా తయారయ్యారు. ఆ వీడియోల్లో ఒక్కడైనా గాలి గురించి చెప్తాడేమోనని చూశాను, చెప్పడు.

ఏజియన్ సముద్రం మీద జులై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి వీచే గాలిని మెల్తెమి అంటారు. అది గాలి జోరుని కొలిచే బోఫోర్ట్ స్కేలు మీద 8, 9 దాకా పోతే రేవు పోలీసులు ఓడలు ఆపేస్తారు. వేగంగా వెళ్లే చిన్న ఓడలైతే అంతకంటే ముందే ఆగిపోతాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వనట్టు, చేతిలో టికెట్ ఉన్నా గాలి ఒప్పుకోవాలి.

మేం బయల్దేరాల్సిన రోజు పొద్దున దీవిలోని కటాపొలా రేవుకి సూట్‌కేసులతో వెళ్తే, టికెట్ల కొట్టులో అమ్మాయి తల పైకెత్తకుండా ‘ఈరోజు లేదు, రేపు చూద్దాం’ అంది. నాన్న ఆకాశం వైపు చూశారు. ఒక్క మబ్బు లేదు. ఎండ ఫెళఫెళలాడుతోంది. ‘తుఫానంటే మబ్బుండద్దా? ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు?’ అని ఆమెనే అడిగారు, తెలుగులో. మచిలీపట్నం రేవు వార్తలు వింటూ పెరిగిన మనిషి కదా. మెల్తెమితో తంటా అదే, నీలాకాశం కిందే కొట్టి పడేస్తుంది. ఓడ ఆగితే టికెట్ డబ్బులు వెనక్కిస్తారు, లేదా తర్వాతి ఓడకి మారుస్తారు. ఏథెన్స్‌లో తప్పిపోయిన విమానం మాత్రం మన నెత్తినే.

అది పోతే పోయింది. మూడు విమానం టికెట్లు, ఏడ్చి ఊరుకున్నాను. అసలు భయం సాయంత్రం మొదలైంది. నాన్న బీపీ మాత్రలు లెక్కపెట్టి తెచ్చుకున్నారు, ఆరోజుతో ఆఖరు. పైగా ఊళ్లో మెడికల్ షాపువాడు పదిహేను మాత్రల స్ట్రిప్పులోంచి పది కత్తిరించి ఇచ్చాడు. ఆ కత్తిరింపులో పేరు సగం ఎగిరిపోయింది. మిగిలిన వెండి రేకు మీద ‘...సార్టాన్ టాబ్లెట్స్ ఐపీ 40’ అన్నంతవరకే ఉంది. పేరు ఏంటంటే నాన్న ‘తెల్లగా గుండ్రంగా ఉంటుంది’ అంటారు. ఏ మాత్ర మాత్రం ఉండదు చెప్పండి!

ఆకుపచ్చ శిలువ గుర్తున్న మందుల కొట్టుకి వెళ్తే, మధ్యాహ్నం మూసినవాళ్లు ఇంకా తెరవలేదు. ఆరింటికి తెరిచారు. లోపలావిడ ఆ రేకుముక్కని దీపం కింద అటూ ఇటూ తిప్పి, సార్టాన్‌తో ముగిసే మందులు అరడజను చదివింది. 40 అంటే టెల్మిసార్టాన్ కావచ్చు, ఒల్మెసార్టాన్ కావచ్చు, నేను ఊహించి ఇవ్వను అంది. అప్పటికి తెనాలిలో రాత్రి ఎనిమిదిన్నర. పక్కింటి అత్తయ్యగారికి ఫోన్ చేస్తే, తాళం తీసి, బీరువాలో చీరల కింద ఉన్న డాక్టరు చీటీ వెతికి ఫోటో పంపారు. డాక్టరుగారి రాత మా ముగ్గురికీ అర్థం కాలేదు గానీ ఆ గ్రీకావిడ చదివేసింది! టెల్మిసార్టాన్. పెట్టె చేతిలో పెట్టి, రోజుకి ఒకటి అని వేలు చూపించింది. కాబట్టి పెద్దవాళ్ల మందులు కనీసం ఐదు రోజులకి ఎక్కువ పెట్టుకోండి. కంపెనీ పెట్టిన పేరు కాదు, అసలు మందు పేరు ఇంగ్లీషులో టైపు చేయించి పెట్టుకోండి. దీవిలో ఒక ఆరోగ్య కేంద్రం ఉంది గానీ, పెద్ద జబ్బంటే మళ్లీ సముద్రం దాటాల్సిందే.

ఓడలు రెండో రోజు సాయంత్రానికి కదిలాయి.

ఇక సామాను. స్నానాల గదిలో కమోడ్ పక్కన కడుక్కోవడానికి నీళ్ల గొట్టం ఉండదు, కాగితం కూడా కమోడ్‌లో వేయొద్దు, పక్కన బుట్టలో వేయమని బోర్డు పెడతారు. పైపులు సన్నవి. సిగ్గుపడకుండా ఒక ప్లాస్టిక్ మగ్గు సూట్‌కేసులో పడేయండి. మా అమ్మ ఆ ప్రయాణంలో మెచ్చుకున్న ఏర్పాటు అదొక్కటే. స్కూటర్ అద్దెకి తీసుకోవాలంటే మన లైసెన్సు ఒక్కటే చాలదు, అంతర్జాతీయ పర్మిట్ ఇండియాలోనే చేయించుకుని రండి. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ దూరదు, సన్నటి రెండు పిన్నుల ఛార్జర్ దూరుతుంది. నేరుగా ఇండియా నుంచి వస్తే నెయ్యి, కోవా తేవద్దు, బయటి దేశాల పాల పదార్థాలు యూరప్‌లోకి రానివ్వరు. ఊరగాయ తెచ్చుకోవచ్చు.

తిండికి బెంగ వద్దు. ‘ఫావా’ అంటే ఇంగ్లీషులో ఫావా బీన్స్ అనే చిక్కుళ్లు కాదు, పసుప్పచ్చటి పప్పు ముద్దగా ఉడికించి పైన ఉల్లిపాయ, ఆలివ్ నూనె, నిమ్మకాయ. మెనూలో ‘వ్లీతా’ కనిపిస్తే కళ్లు మూసుకుని చెప్పండి, అది మన తోటకూర చుట్టమే. ఉత్తినే ఉడకబెట్టి నూనె పోస్తారు. అమ్మ మొదటి రోజు ‘తాలింపు లేకుండా ఇదేం కూర’ అంది, మూడో రోజుకి ఫావాలో ఆవకాయ కలుపుకుని ఇద్దరి భోజనం తింది.

బట్టలంటారా? ఆమోర్గోస్‌లో నిట్టనిలువు కొండకి అతుక్కున్న హొజోవియోతిస్సా మఠానికి వెళ్తే మోకాళ్లు కనపడకూడదు. మూడొందల దాకా మెట్లెక్కి పైకి చేరాక, నిక్కరు వేసుకొచ్చిన ఒకాయన్ని గుమ్మం దగ్గరే ఆపేశారు. అమ్మ చీరకి ఎవరూ అడ్డు చెప్పలేదు, లోపల కూర్చోబెట్టి లుకూమి అనే మిఠాయి, చిన్న గ్లాసులో రాకీ అనే తియ్యటి సారా ఇచ్చారు. మర్యాదకి ఇచ్చింది కాదనకూడదని అమ్మ అది తాగేసింది. ఏమిటో నాన్నకి మేం ఇంతవరకూ చెప్పలేదు.

సన్‌స్క్రీన్ అక్కడి కొట్లలోనూ దొరుకుతుంది. చాలాచోట్ల తీరం గులకరాళ్లే కాబట్టి నీళ్లలో దిగడానికి రబ్బరు చెప్పులు మాత్రం బయల్దేరే ముందే కొనుక్కోండి.