మునిగే పల్లానికి ఏం వెయ్యాలి?

ప్రశ్న: మాకు అమలాపురం దగ్గర రెండెకరాలుంది. కాలువ వైపు మెరక, డ్రెయిను వైపు పల్లం. పల్లంలో సార్వా (వానాకాలపు) వరి ఏటా మునుగుతోంది. మొత్తం కొబ్బరి పెట్టేయమని కొందరు, పల్లాన్ని రొయ్యల చెరువుకిమ్మని కొందరు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: రెండూ వద్దండీ. డెల్టాలో కాలువలు మెరకల మీదుగా, డ్రెయిన్లు పల్లాల్లో నడుస్తాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక నీరు వాలును బట్టి పారేలా తవ్వినవే అవి. అందుకే మీ చేను ఒక్కటే అయినా నేలలు రెండు.

ముందు వాలు కొలవండి. తాపీమేస్త్రీల లెవెల్ గొట్టం 20 మీటర్లది చాలు. కాలువ గట్టు నుంచి డ్రెయిను దాకా 15 మీటర్లకో మేకు దిగ్గొట్టి, గొట్టం రెండు కొసలూ పక్కపక్క మేకులకు ఆనించి నీటిమట్టం గుర్తు పెట్టండి. నేల నుంచి గుర్తు ఎత్తు ఎక్కడ ఎక్కువో అక్కడే పల్లం. గొట్టంలో ఒక్క గాలిబుడగ ఉన్నా కొలత తప్పుతుంది. నీళ్లు నెమ్మదిగా నింపి, బుడగలు పోయేదాకా ఆగండి. వానల్లో పల్లపు మేకు మీద నీరు ఎంత లోతున, ఎన్ని రోజులు నిలిచిందో రోజూ రాసుకోండి. మీ నిర్ణయమంతా ఆ రోజుల లెక్క మీదే.

మెరకలో అక్టోబరు వానల తర్వాత మీటరు లోతు గొయ్యి తీసి మర్నాడు చూడండి. అడుగున నీరు ఊరకపోతే కొబ్బరి పెట్టుకోవచ్చు: 8 మీటర్ల ఎడంతో ఎకరాకు 63 మొక్కలు. నీరు ఊరితే వేళ్లు కుళ్లి, మొక్క పసుపు రంగుకు తిరుగుతుంది.

పల్లంలో ముంపు రెండు వారాల లోపైతే ముంపును తట్టుకునే వరి రకం స్వర్ణ సబ్-1 వేయండి. ఇది పిలకల దశలో మునిగితే ఎదుగుదల ఆపి ప్రాణం నిలుపుకుంటుంది. పూత దశలో మునిగితే మాత్రం ఆ గుణం ఆదుకోదు. నీరు తీశాక అదే రోజు యూరియా చల్లొద్దు, కొత్త ఆకు వచ్చేదాకా ఓ ఐదు రోజులు ఆగాలి. గట్టు తెంపే ముందు డ్రెయినులో మట్టం చూడండి. గుర్రపుడెక్క పేరుకుని అక్కడి నీరే ఎత్తుగా ఉంటే, గండి కొట్టినా చేనులోకే ఎదురొస్తుంది.

రొయ్యల చెరువుకు ఇచ్చారంటే ఉప్పునీరు ఊట పట్టి మీ మెరకకూ, పక్కవాళ్ల వరికీ పాకుతుంది. చెరువు తీసేసినా అడుగున ఉప్పు ఏళ్ల తరబడి ఉంటుంది. దానికి అనుమతి కూడా కావాలి. ఏటా మూడు వారాలకు పైగా నీరు నిలుస్తుంటే, ఆ కాస్త భాగంలో మంచినీటి చేపల గురించి ఆలోచించండి. దానికీ ముందు అనుమతి తీసుకోండి.

ఇంకొక మాట: వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చల్లే మినుము, ఎకరాకు 16 కిలోలు, మెరకకూ పల్లానికీ మధ్య తడి ఆరే భాగానికే. పల్లంలో చల్లితే విత్తనం కుళ్లిపోతుంది.