నాన్నగారి బొమ్మలు నలుగురికీ చూపించాలంటే

ప్రశ్న: మా నాన్నగారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఇంటి ఖర్చులు పోగా మిగిలిందంతా బొమ్మల మీదే పెట్టేవారు. రవివర్మ ప్రెస్‌లో అచ్చయిన లక్ష్మి, సరస్వతి, హంస దమయంతి, మూడు కాళహస్తి కలంకారీ గుడ్డలు, పూరీ నుంచి తెచ్చిన తాటాకు పటాలు, ఇక్కడి కుర్రాళ్లు గీసిన సముద్రం వాటర్ కలర్లు, అన్నీ కలిపి అరవై దాకా ఉంటాయి. పోయిన శ్రావణంలో ఆయన కాలం చేశారు. సంవత్సరీకం సమయానికి వారం రోజులు ఒక హాలు తీసుకుని ఇవన్నీ అందరికీ చూపించాలని నా కోరిక. మా అమ్మాయి న్యూయార్క్‌లో మెట్ మ్యూజియంలో ఒక దంపతులు సేకరించిన జపాన్ చిత్రాల ప్రదర్శన చూసి వచ్చింది, అప్పట్నుంచి ప్రకృతి, భక్తి, కవిత్వం అని మూడు గదులుగా పెడదామంటోంది. పాత బొమ్మలు బయటపెడితే ప్రభుత్వం వాళ్లు పట్టుకుపోతారని మా బావగారు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: తప్పకుండా పెట్టండి. కానీ మూడు గదులు మాత్రం వద్దు.

హంస దమయంతిని ఏ గదిలో పెడతారో చెప్పండి. హంస ఉంది, కొలను ఉంది కాబట్టి ప్రకృతి గదిలోనా? నలదమయంతుల కథ భారతంలో అరణ్యపర్వంలో వస్తుంది, శ్రీహర్షుడి కావ్యాన్ని శ్రీనాథుడు శృంగార నైషధంగా తెలుగులోకి తెచ్చాడు, మరి కవిత్వం గదిలోనా? రవివర్మ 1899లో వేసిన ఆ బొమ్మ అచ్చులో మన ఇళ్లకు వచ్చి దేవుడి పటాల పక్కనే వేలాడింది. కలంకారీ గుడ్డ చూడండి, కాళహస్తి పాతవాటిలో బొమ్మల వెంట తెలుగు అక్షరాలు కూడా ఉంటాయి, అది రామాయణమూ అవును, చెట్లూ పిట్టలూ అవును, చదువుకునే పుస్తకమూ అవును. పూరీ తాటాకు మీద బొమ్మను ఘంటంతో గీసి మసి రుద్దుతారు, మన పెద్దలు పద్యాలు రాసుకున్నదీ ఘంటంతోనే. ఇలాంటివాటిని విడదీసి గదుల్లో పెడితే చూసేవాళ్లకి బోర్డులు గుర్తుంటాయి గానీ బొమ్మలు గుర్తుండవు.

మీ అమ్మాయి చూసింది 2024 ఆగస్టులో మొదలైన మేరీ, చెనీ కౌల్స్ దంపతుల సేకరణ ప్రదర్శన అయ్యుంటుంది. దాని పేరులోనే ‘మూడు పరిపూర్ణతలు’ అని ఉంది, అంటే కవిత్వం, చేతిరాత, చిత్రం. అక్కడ కూడా ఆ మూడూ కలిసే ఉంటాయి కదా, బొమ్మ గీసిన కుంచెతోనే, అదే సిరాతో, ఆ కాగితం మీదే కవిత రాసిన చిత్రాలు జపాన్‌లో ఎన్నో. ఆ సంగతి అమ్మాయికి చెప్పండి, తనే ఒప్పుకుంటుంది.

మరి ఏ వరసలో పెట్టాలి? నాన్నగారు కొన్న వరసలో. నా దృష్టిలో సొంత సేకరణకి ఉన్న విలువంతా ఇక్కడే ఉంది. మ్యూజియం కొన్న బొమ్మ వెనక ఒక కమిటీ ఉంటుంది, మీ ఇంట్లో ఉన్న ప్రతి బొమ్మ వెనకా ఒక మనిషి ఒక రోజు తీసుకున్న నిర్ణయం ఉంది, ఆ నెల ఇంకేదో మానుకుని మరీ కొన్నారు. అందుకే హాలు వెతకడానికి ముందు మీ అమ్మగారి దగ్గర ఒక నోటు పుస్తకం పట్టుకుని కూర్చోండి. ఏది ఎక్కడ కొన్నారు, ఎంతకి కొన్నారు, ఇంటికి తెచ్చిన రోజు ఆవిడ ఏమన్నారు, అన్నీ ఆవిడ మాటల్లోనే రాసుకోండి. ఈ పని వాయిదా వేయకండి, దయచేసి. మా ఇంట్లో వాయిదా వేశాం, మా పెద్దమ్మ వెళ్లిపోయాక ఆవిడ దాచిన ఇరవై పటాల గురించి చెప్పేవాళ్లే లేకుండా పోయారు.

ఇంకో మాట. లక్ష్మీదేవి పటం మీద కుంకుమ బొట్టు ఉందేమో చూడండి. ఉంటే తుడవకండి. కొన్ని ఇళ్లలో ఆ అచ్చుబొమ్మల చీరలకి జరీ, చమ్కీలు కుట్టేవాళ్లు, అవీ పీకకండి. ఎగ్జిబిషన్ కదా, శుభ్రంగా కనపడాలి అని అనిపిస్తుంది, కానీ రోజూ ఎవరో స్నానం చేసి వచ్చి పెట్టిన బొట్టు కంటే భక్తికి వేరే ఆనవాలు ఏముంది? అలాగే కొత్త ఫ్రేము కట్టించేటప్పుడు పక్కనే నిలబడండి. మా అక్కయ్య సరస్వతి పటాన్ని ఒక ఫ్రేముల షాపులో ఇస్తే, ఫ్రేములో పట్టలేదని కింది అంచు కత్తిరించేశారు, ప్రెస్ పేరు ఉన్నది ఆ అంచులోనే. ఆ పటం చూసినప్పుడల్లా ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

బావగారి భయం గురించి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చిత్రాలు పురావస్తువుల కిందికి వస్తాయి, చేతిరాత ప్రతులకైతే 75 ఏళ్లు చాలు. ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు, నలుగురికీ చూపించడం అసలే కాదు. కొన్ని రకాలని మాత్రం పురావస్తు శాఖ దగ్గర రిజిస్టర్ చేయించాలి, కాబట్టి అంత పాతవి అనుకున్నవాటికి ఫొటోలు తీసి రిజిస్టరింగ్ అధికారిని ముందే కలిస్తే టెన్షన్ ఉండదు. దేశం దాటించడం మాత్రం కుదరదు, అందుకని జ్ఞాపకంగా ఉంటుందని అమ్మాయి సూట్‌కేసులో పాతది ఏదీ పెట్టి పంపకండి.

శ్రావణం కూడా వద్దండి. వానల్లో విశాఖ గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు, అరవై కాగితాలూ గుడ్డలూ వారం పాటు ఆ తేమలో ఉండటం మంచిది కాదు. సంవత్సరీకం ఇంట్లో శాస్త్రప్రకారం చేసుకుని, ప్రదర్శన సంక్రాంతి వెళ్లాక పెట్టండి, చుట్టాలూ ఊళ్లోనే ఉంటారు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిదిన్నర దాకా తెరిస్తే బీచ్ రోడ్డుకి వచ్చేవాళ్లు కొందరైనా లోపలికి వస్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ విద్యార్థుల్ని అడిగి చూడండి, వేలాడదీసే పనిలో చేయి వేస్తారు. బొమ్మల పక్కన కార్డులు పెద్ద అక్షరాల్లో, తెలుగులో రాయించండి. దమయంతి దగ్గర శ్రీనాథుడి పద్యం ఒకటి పెట్టి, సాయంత్రం ఎవరిచేతనైనా రాగంతో చదివించండి. హాల్లో అమ్మగారికి ఒక మంచి కుర్చీ వేయండి.

ప్రశ్న: మాది సముద్రం ఎదురు ఫ్లాటు. అద్దం వెనక ఉన్న పాత పటాల మీద గోధుమరంగు మచ్చలు వస్తున్నాయి, కాగితం అలలుగా లేస్తోంది. లామినేషన్ చేయిస్తే ఆగుతుందా?
— పెదవాల్తేరు

జవాబు: లామినేషన్ చేయిస్తే ఆ కాగితాన్ని మళ్లీ బయటికి తీయలేరు, ఆ పని చేయకండి. గాలిలో తేమ 65 శాతం దాటి అలాగే ఉంటే బూజు పడుతుంది, బాల్కనీ వైపు గోడకి, బాత్రూం గోడకి తగిలించిన పటాలు ముందు పాడవుతాయి. లోపలి గోడకి మార్చండి. అద్దం కాగితానికి ఆనకుండా మధ్యలో ఆమ్లం లేని మౌంట్ బోర్డు పెట్టించండి, వెనకున్న పాత ప్లైవుడ్ తీయించండి, సెల్లోటేపు అసలు వాడనివ్వకండి. మచ్చల మీద తడిగుడ్డ, బ్లీచ్ లాంటివి పెట్టొద్దు, అది కన్జర్వేటర్, అంటే పాత బొమ్మల్ని బాగుచేసే నిపుణులు, చేయాల్సిన పని. ఎండ నేరుగా పడకూడదు, మ్యూజియంలలో కాగితం బొమ్మలకి 50 లక్స్ (లక్స్ అంటే వెలుగుని కొలిచే ప్రమాణం) వెలుగే ఇస్తారు, అది మన హాల్లో ట్యూబులైటు వెలుగు కంటే చాలా తక్కువ.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. గ్యాలరీకి వెళ్తే అందరికీ అన్నీ తెలిసినట్టు, నాకే ఏమీ అర్థం కానట్టు ఉంటుంది. ఎలా చూడాలి?
— గాజువాక

జవాబు: అన్నీ చూడకు నాన్నా. ఒక్క చుట్టు తిరిగి, నిన్ను ఆపిన బొమ్మ ఒకటి ఎంచుకుని దాని ముందు పది నిమిషాలు నిలబడు, ఫోను జేబులో పెట్టేసి. తర్వాత దాని కార్డు చదువు, ముందే చదవకు. హైదరాబాద్ వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియం కూడా ఇలాగే చూడు, అది కూడా మొదట సాలార్‌జంగ్ కుటుంబం సొంతంగా కూడబెట్టిన సేకరణే, 1951లో జనానికి తలుపులు తెరిచారు. ఈలోగా పైన ఎం.వి.పి. కాలనీ వారు ప్రదర్శన పెడితే తప్పకుండా వెళ్లు. కుర్చీలో కూర్చున్న అమ్మగారి దగ్గరికి వెళ్లి, మీకు ఇందులో ఏది ఇష్టమండీ అని అడుగు.