ప్రింట్ పెడితే మాయమయ్యే తప్పు

ప్రశ్న: మిప్స్ ప్రాసెసర్ ఉన్న బోర్డు మీద లినక్స్ కోసం సొంతంగా ఫైల్ సిస్టమ్ రాస్తున్నాను. డేటా కాష్ (ప్రాసెసర్‌లోని చిన్న, వేగమైన మెమరీ) 32 కేబీ, 4-వే, లైను (కాష్ ఒక్కసారి తెచ్చుకునే ముక్క) 32 బైట్లు, మెమరీ పేజీ 4 కేబీ. ఫైలును ఎమ్‌మ్యాప్ చేసుకున్న (అంటే నేరుగా తన మెమరీలా చదివే) ప్రోగ్రాంకి అప్పుడప్పుడు పాత డేటా కనిపిస్తోంది, అదీ సరిగ్గా 32 బైట్ల ముక్కలుగా. ప్రింట్‌కే (కెర్నెల్, అంటే లినక్స్ మూల భాగం, లోంచి సందేశం ప్రింట్ చేసే ఫంక్షన్) పెడితే తప్పు రాదు. పీసీలో అదే కోడ్ బాగానే నడుస్తోంది. ర్యామ్ మార్చాలా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ర్యామ్ జోలికి వెళ్ళకండి. ర్యామ్ పాడైతే బిట్లు అటూఇటూ అవుతాయి గానీ ఇలా కొలిచినట్టు కాష్ లైనంత పాత డేటా రాదు.

లెక్క చూడండి. 32 కేబీని నాలుగు ‘వే’లకి (కాష్‌లోని సమాన భాగాలకి) పంచితే ఒక్కోటి 8 కేబీ, మీ పేజీ మాత్రం 4 కేబీ. అంటే కాష్‌లో చోటు వెతకడానికి వర్చువల్ అడ్రసులోని (కోడ్ వాడే అడ్రసు, ర్యామ్‌లోని అసలు అడ్రసు కాదు) సున్నా నుంచి లెక్కిస్తే 12వ బిట్ కూడా కావాలి, ఆ బిట్ కెర్నెల్ వాడే అడ్రసులో ఒకలా, ప్రోగ్రాం వాడే అడ్రసులో ఇంకోలా ఉంటే ఒకే పేజీ కాష్‌లో రెండు చోట్ల కూర్చుంటుంది. కిరాణా కొట్లో ఒకే మనిషి పద్దు రెండు పుస్తకాల్లో రాసినట్టన్నమాట: కెర్నెల్ ఒకదాంట్లో జమ రాస్తుంది, మీ ప్రోగ్రాం రెండోది తిరగేస్తుంది. దీన్నే ఏలియాసింగ్ అంటారు. పీసీలో ఈ బాధ్యత హార్డ్‌వేరే చూసుకుంటుంది. ప్రింట్‌కే పెట్టినప్పుడేమో దాని పనికే కాష్‌లో చోటు కావాలి కాబట్టి పాత లైన్లు బయటికి పోతాయి, తప్పు దాక్కుంటుంది.

మీ రైట్ ఫంక్షన్‌లో పేజీలోకి మెమ్‌కాపీ చేసిన (డేటా కాపీ చేసిన) వెంటనే ఫ్లష్_డీకాష్_పేజ్ పిలుస్తున్నారా? ఫ్లష్ అంటే కాష్‌లో ఉన్నదాన్ని ర్యామ్‌లోకి రాసేసి ఆ చోటు ఖాళీ చేయడం. చాలామంది మర్చిపోయేది ఇక్కడే. ప్రోగ్రాం రాసే వీలున్న షేర్డ్ మ్యాపింగ్ ఉంటే, కెర్నెల్ ఆ పేజీని చదవబోయే ముందు కూడా పిలవాలి. పేజీ టేబుల్ (ఏ వర్చువల్ అడ్రసు ర్యామ్‌లో ఎక్కడుందో చెప్పే పట్టిక) మార్చే కోడ్ కూడా మీదే అయితే వరస తప్పకూడదు: ముందు కాష్ ఫ్లష్, తర్వాత టేబుల్ మార్పు, ఆఖర్న టీఎల్‌బీ (ఆ టేబుల్లోని వివరాలు ప్రాసెసర్ దాచుకునే చోటు) ఫ్లష్. హైపర్‌స్పార్క్ లాంటి ప్రాసెసర్లలో ఫ్లష్ చేసేటప్పుడు ఆ అడ్రసుకి మ్యాపింగ్ ఇంకా ఉండి తీరాలి, అందుకే ఈ వరస.

దయచేసి కనబడిన చోటల్లా మొత్తం కాష్ ఫ్లష్ చేసి ఊరుకోకండి. నేనొకసారి అలాగే చేసి సరిపోయిందనుకున్నాను, కొన్ని నెలలకి అదే తప్పు ఇంకో దారిలో వచ్చి మూడు వారాలు నిద్ర లేకుండా చేసింది.

అనుమానం తీర్చుకోవాలంటే కెర్నెల్‌ని 16 కేబీ పేజీలతో కట్టి నడపండి. అప్పుడు 12వ బిట్ పేజీ లోపలికే వచ్చేస్తుంది, ఇక ఏలియాసింగ్‌కి తావుండదు. అయినా పాత డేటా వస్తోందంటే డీఎంఏని (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా పరికరాలు నేరుగా మెమరీలో చదవడం, రాయడం) అనుమానించాలి, డిస్క్ డ్రైవర్‌లో బఫర్ సింక్ చేసే భాగం కూడా రాసి పంపండి.