అల్లుడా, ముందు నీ పరీక్ష

అల్లుడా,

మీకు పిల్లలు అయితలేరని మీ అమ్మ ఫోన్ల అంతా చెప్పింది. అమ్మాయికి, అంటే నీ భార్యకు, స్కానింగులు అయినయట, గర్భసంచి గొట్టాల పరీక్ష కూడా అయిందట. నీకు మాత్రం ఒక్క పరీక్ష కాలేదట! నా కొలువంతా వరంగల్ ల్యాబులల్లనే గడిచింది కాబట్టి మొహమాటం లేకుండ రాస్తున్న.

ఇగ అమ్మాయిని తిప్పుడు ఆపి, ముందు నువ్వు వీర్యపరీక్ష చేయించుకో. పిల్లలు కాని జంటలల్ల దాదాపు సగం మందికి మగోని దిక్కు కూడా ఏదో ఒక కారణం ఉంటది. పరీక్షకు ముందు కనీసం రెండు రోజులు, ఏడు రోజులు దాటకుండ, కలయిక ఉండొద్దు. శాంపిల్ ల్యాబులనే ఇచ్చుడు మంచిది. ఇంటికాడ తీస్తే డబ్బాను లోపలి జేబుల పెట్టుకొని గంటలోపల అందియ్యాలె. ఐసు డబ్బాల తెచ్చినోళ్లను చూసిన, మామూలు కండోముల తెచ్చినోళ్లనూ చూసిన. రెండూ పనికిరావు. మొదటి చుక్కలు కిందపడితే సిగ్గుపడకుండ చెప్పు, వీర్యకణాలు ఎక్కువ ఉండేది వాటిల్లనే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్కల ప్రకారం మిల్లీలీటరుకు కోటి అరవై లక్షల కణాలు కింది హద్దు. అంతకు తక్కువ వస్తే పిల్లలు పుట్టరని కాదు. కొన్ని వారాలు ఆగి మళ్లొకసారి చేయించు. కణం తయారైతందుకు రెండున్నర నెలలు పడుతది, మొన్నటి జ్వరం కూడా ఇయ్యాల్టి రిపోర్టుల కనబడుతది. గుట్కా, సిగరెట్ మానెయ్. జిమ్ముల టెస్టోస్టెరాన్ సూదులు తీసుకుంటున్నవా? అవి కణాల తయారీనే ఆపుతయి, డాక్టరుకు దాచకు.

కొద్దిగ తక్కువైతే ఐయూఐ, అంటే ల్యాబుల శుభ్రం చేసిన కణాలను నేరుగ గర్భసంచిలకు ఎక్కించుడు, సరిపోవచ్చు. బాగ తక్కువైతే ఇక్సీ అంటరు. ఒక్క కణాన్ని సన్నని సూదితోని నేరుగ అండంలకు పంపుతరు, 1992 నాటికే బ్రస్సెల్స్‌ల పిల్లలు పుట్టిన్రు దాంతోని. సున్నా వచ్చినా దారులున్నయి. కణాలు తయారై బయటికి రాకపోతే వృషణాల నుంచే తీస్తరు. తయారీనే లేకుంటే హార్మోను, జన్యు పరీక్షలు చేసినంకనే సర్జరీ మాట.

కానీ ఒకటి చూడు. లోపం నీదైనా, ఇక్సీల రోజూ సూదులు, మత్తిచ్చి అండాలు తీసుడు, అన్నీ ఆమె ఒంటి మీదనే. ఆమె వయసు పెరిగినకొద్ది ఫలితం తగ్గుతది. నువ్వు నానబెట్టే ప్రతి నెల ఆమె లెక్కల పోతది. మేడారం పోయి బెల్లం మొక్కు చెల్లించు, ఎవరొద్దంటరు? దాంతోపాటే పరీక్ష కూడా.

ఆసుపత్రికి 2021 ఏఆర్‌టీ చట్టం (ఇసొంటి సంతాన చికిత్సల మీద వచ్చిన చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడుగు. దాత కణాలు వాడాల్సి వస్తే మీ ఇద్దరి రాతపూర్వక అంగీకారం ఉండాలె. గ్యారంటీ అన్నోని దగ్గరికి పోకు. ప్యాకేజీల సూదుల ఖర్చు, పిండాలు ఫ్రీజు చేసే ఖర్చు కలిసిందా అని ముందే కాగితం మీద రాయించుకో.

మీ అమ్మకు నేను నచ్చజెప్తా, అమ్మాయిని ఇగ ఏమనదు. రిపోర్టు రాంగనే వాట్సాపుల పంపు, అన్ని పేజీలూ కనబడాలె.

మీ మామ