గరాజ్‌లో అమ్మానాన్నలకు గది: పర్మిషన్ సంగతి

సందేహం: మాది కావలి. కాలిఫోర్నియాలో ఇల్లు కొన్నాం. అమ్మానాన్న ఆర్నెల్లకు వస్తున్నారు, మెట్లు ఎక్కలేరు. రెండు కార్ల గరాజ్‌లో సగం వాళ్లకు బెడ్‌రూమ్ చేద్దామని ఉంది. సొంత ఇల్లే గదా, పర్మిషన్ ఎందుకు?

జవాబు: ఎందుకంటే ఇక్కడ బీపీఎస్ (అనుమతి లేని కట్టడాన్ని జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేసే స్కీమ్) రాదు. మన నెల్లూరులోనో ఒంగోలులోనో పోర్టికోకు గోడ లేపేసి, స్కీమ్ వచ్చినప్పుడు ఫైను కట్టుకుందాంలే అనుకుంటాం. ఇక్కడ పని అయ్యాక దరఖాస్తు పెడితే చాలా సిటీలు ఫీజు రెట్టింపు చేస్తాయి. అది చిన్న నొప్పే. లోపలి వైర్లు చూపించమని వేసిన జిప్సం షీట్లు కోయిస్తారు, అసలు నొప్పి అది. రేపు ఇల్లు అమ్మబోతే ఆ 200 చదరపు అడుగులు లెక్కలోకి రాకపోవచ్చు. షార్ట్ సర్క్యూట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లకు ఒక సాకు దొరుకుతుంది.

మొదట తేల్చుకోవాల్సింది: అది మామూలు బెడ్‌రూమా, విడిగా వంటిల్లు, బాత్‌రూమ్, వాకిలి ఉన్న ఏడీయూనా (అదే స్థలంలో ఉండే రెండో చిన్న ఇల్లు)? కాలిఫోర్నియాలో 2020 నుంచి గరాజ్‌ను ఏడీయూగా మారిస్తే, పోయిన పార్కింగ్‌కు బదులు చూపించమని సిటీ అడగకూడదు. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) కూడా ఏడీయూని పూర్తిగా అడ్డుకోలేదు. పూర్తి దరఖాస్తు అందిన 60 రోజుల్లో సిటీ నిర్ణయం చెప్పాలి. ఈ రక్షణలు ఉత్త బెడ్‌రూమ్‌కు వర్తించవు. ఇంటికి రెండు కార్లకు కప్పున్న పార్కింగ్ ఉండాల్సిందే అనే సిటీలో మీ సగం గరాజ్ ప్లాను అక్కడే ఆగిపోతుంది. అందుకని సిటీ ప్లానింగ్ కౌంటర్‌లో మొదట పార్కింగ్ గురించే అడగండి. హెచ్‌ఓఏ ఉంటే వాళ్ల అనుమతి వేరే, సిటీది వేరే. ఒకటి వస్తే రెండోది వచ్చినట్టు కాదు.

సగం మారుస్తున్నారు కాబట్టి ఒక మెలిక. కారు ఉండే భాగంలోంచి పడకగదిలోకి నేరుగా తలుపు పెట్టకూడదు. ఇంట్లోంచి గరాజ్‌లోకి ఉన్న పాత తలుపు కారు వైపు పడిందంటే, అమ్మానాన్నల గదికి హాలు వైపు నుంచి కొత్త దారి కొట్టాలి. మధ్య గోడకు కారు వైపున కనీసం అర అంగుళం జిప్సం షీటు ఉండాలి.

నేల దగ్గర కాస్త ఆగాలి. గరాజ్ కాంక్రీటు నేల (స్లాబు) ఇంటి నేల కంటే నాలుగైదు అంగుళాలు కిందికి ఉంటుంది, నీళ్లు పోవడానికి తలుపు వైపు వాలు ఉంటుంది. చాలామంది దాని మీదే కార్పెట్ పరుస్తారు. మొదటి వానాకాలానికే చెమ్మ పైకొచ్చి ముక్కిన వాసన పడుతుంది. స్లాబు మీద 6 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ప్లాస్టిక్ షీటు, దానిపై ట్రీటెడ్ (కుళ్లకుండా మందు పట్టించిన) చెక్క, మధ్యలో ఇన్సులేషన్, పైన ప్లైవుడ్. కాంక్రీటుకు తగిలే చెక్క ఏదైనా ట్రీటెడ్‌దే కావాలి. ఇంతా వేశాక పైకప్పు 7 అడుగులకు తగ్గకూడదు. కాబట్టి ముందే టేపు పట్టి చూసుకోండి.

పెద్ద తలుపు తీసి గోడ కట్టేచోట కింద ఫుటింగ్ (పునాది) ఉందో లేదో ఇంజనీర్‌తో చూపించండి. ప్లాను వెనక్కి వచ్చే చోట్లలో ఇదొకటి.

కిటికీ గాలికే కాదు, మంటలొస్తే బయటపడటానికి కూడా. తెరిచినప్పుడు ఖాళీ 5.7 చదరపు అడుగులు ఉండాలి, నేల అంతస్తు గదికైతే 5 చాలు. వెడల్పు కనీసం 20 అంగుళాలు, ఎత్తు కనీసం 24 ఉండాలి, కిటికీ కింది అంచు నేల నుంచి 44 అంగుళాలు దాటకూడదు. కొలత ఫ్రేముది కాదు, తెరిచాక మిగిలే సందుది. జరిపే కిటికీలో సగమే తెరుచుకుంటుంది, షాపులో మోసపోయేది అక్కడే. వెలుతురుకు నేలలో 8 శాతం గాజు కావాలి. 200 చదరపు అడుగులకు 16 అన్నమాట.

గ్యాస్ వాటర్ హీటర్ గరాజ్‌లో ఉంటే అది పడకగదిలోని గాలి తీసుకోకూడదు. వేరే చోటికి మార్చాలి, లేదా బయటి గాలి అందే మూసిన అరలో పెట్టాలి. పొగ అలారం గదిలోనూ, గది బయటా ఉండాలి. ప్లగ్‌లో పెట్టే హీటర్ లెక్కలోకి రాదు, స్థిరంగా బిగించిన వేడి ఏర్పాటు కావాలి. నెల్లూరు ఎండలు చూసినవాళ్లకు హీటర్ గోల వింతగా ఉంటుంది గానీ, ఇన్‌స్పెక్టర్ వదలడు. బాత్‌రూమ్ కూడా కావాలంటే స్లాబు కోసి, డ్రైనేజీ పైపుకు అడుగుకు పావు అంగుళం వాలు ఇవ్వాలి. ఖర్చంతా అందులోనే ఉంది.

కాంట్రాక్టరు "పర్మిట్ మీ పేరు మీదే తీసుకోండి సార్" అంటే అతనికి అసలు లైసెన్సు ఉందో లేదో, నంబరు రాష్ట్ర కాంట్రాక్టర్ల లైసెన్సు బోర్డు సైట్‌లో కొట్టి చూడండి. కాలిఫోర్నియాలో అడ్వాన్సు మొత్తం ధరలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అంతే. మన మేస్త్రీకిచ్చినట్టు సగం ముందే చేతిలో పెట్టొద్దు.

ఫ్రేము, వైరింగు, ప్లంబింగు మీద ఇన్‌స్పెక్టర్ సంతకం పడ్డాకే ఇన్సులేషన్. దాని మీద పడ్డాకే షీట్లు. ఫైనల్ సంతకం పడిన జాబ్ కార్డును (ఇన్‌స్పెక్టర్ తనిఖీలు నమోదు చేసే కార్డు) ఫొటో తీసి, ఇంటి కాగితాలతో కలిపి పెట్టుకోండి. అమ్మేనాడు కొనేవాళ్లు అడిగేది దాన్నే.