అటెస్టేషన్ ఫారంలో పాత కేసు గురించి రాయాలా?

డిగ్రీ రోజుల్లో జరిగిన ఒక గొడవలో మీ పేరు ఎఫ్‌ఐఆర్‌లో పడిందని, తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ అయిందని రాశారు. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి సెలక్టయ్యాక, మన పూర్వాపరాలు విచారించడానికి నింపించుకునే అటెస్టేషన్ ఫారంలో అయిపోయిన కేసు గురించి ఎందుకు రాయడమని ఇంట్లో అంటున్నారన్నారు. రాయండి. దయచేసి దాచొద్దు.

2013లో సమైక్యాంధ్ర ఉద్యమం జోరుగా ఉన్నప్పుడు నేను గుంటూరులో డిగ్రీ చదువుతున్నాను. శంకర్ విలాస్ సెంటర్లో నినాదాలు చేస్తూ రోడ్డు మీద కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను. సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చోబెట్టి పంపేశారు. కేసు పెట్టారని సమన్లు వచ్చాకే తెలిసింది. 2015లో కోర్టు కొట్టేసింది. ఆ తర్వాత మా ఇంట్లో దాని ఊసే లేదు.

2018లో ఉద్యోగం వచ్చింది. ఫారం నింపుతుంటే నాన్న, "కొట్టేసిన కేసే కదా, కాదు అని పెట్టెయ్" అన్నారు. నాకూ అదే సబబు అనిపించింది. పక్కనే మా బాబాయి ఉన్నాడు, హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మనిషి. కళ్లజోడు పెట్టుకుని ఫారం మొత్తం చదివి, "ఒరేయ్, ఇప్పుడు కేసుందా అని మాత్రమే అడగట్లేదు. ఎప్పుడైనా అరెస్టయ్యావా, ఎప్పుడైనా ప్రాసిక్యూట్ చేశారా అని విడివిడిగా అడుగుతున్నారు చూడు" అన్నాడు. పైన హెచ్చరిక కూడా ఉంది: తప్పుడు సమాచారమిచ్చినా, ఉన్నది దాచినా అనర్హతే. అవును అని రాసి, వివరాలకు వేరే కాగితం జతచేశాను.

నెలన్నర తర్వాత విచారణకు పోలీసు స్పెషల్ బ్రాంచ్ ఆయన బ్రాడీపేటలో మా ఇంటికొచ్చారు. అప్పటికే వీధి చివర కిరాణా కొట్టులో నా గురించి వాకబు చేశారట. అమ్మ ఇచ్చిన మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి ఫైలు తెరిచారు. అందులో స్టేషన్ నుంచి తెచ్చిన కాగితం ఉంది. క్రైమ్ నంబరు, సెక్షన్లు, నా పేరు, నాన్న పేరు. దాన్ని నేను రాసిన వివరాలతో ఒక్కో లైనూ సరిచూసి "సరిపోయింది" అన్నారు. అప్పుడు గ్లాసు అందుకున్నారు. నాన్న నా వైపు చూడలేకపోయారు.

ఉద్యోగంలో చేరమనే ఆర్డరు మాత్రం వెంటనే రాలేదు. వివరణ అడిగారు, తీర్పు కాపీ పంపాను, ఐదు నెలలు టెన్షన్‌తో గడిచాయి. నాతో సెలక్టయిన ఇంకో కుర్రాడిది నా దానికంటే చిన్న కేసు. కాదు అని రాశాడు. ట్రైనింగ్‌లో ఉండగా బయటపడి ఉద్యోగం పోయింది. అతన్ని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం వివరంగా చెప్పింది. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి స్వల్ప విషయాలను దాచినా, అధికారులు తమ విచక్షణతో వదిలేయొచ్చు. అది వాళ్ల విచక్షణే, మన హక్కు కాదు. నిజం రాసినా మన పూర్వాపరాలు చూసి నిర్ణయించే అధికారం వాళ్లకుంటుంది. కాబట్టి రాస్తే ఉద్యోగం ఖాయమని నేను హామీ ఇవ్వలేను. కానీ ఒక పాత గొడవ గురించి సంజాయిషీ ఇచ్చుకోవడం వేరు, అబద్ధం ఎందుకు రాశావంటే జవాబు చెప్పుకోవడం వేరు.

క్రైమ్ నంబరు, సంవత్సరం, సెక్షన్లు, స్టేషన్, కోర్టు, చివరికి ఏమైందీ అన్నీ రాయండి. ఫారం ఇచ్చాక కొత్తగా కేసేదైనా వచ్చినా వెంటనే తెలపాలి. లోక్ అదాలత్ అవార్డు సర్టిఫైడ్ కాపీకి రేపే అప్లై చేయండి. నా తీర్పు కాపీ చేతికి రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది.