అప్‌లోడ్ చేసే ముందు టేపు పట్టుకుని స్థలానికి వెళ్ళు

చిరంజీవి శ్రీకాంత్‌కు మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన అపార్ట్‌మెంటు డ్రాయింగు చూశాను. ఎలివేషన్, అంటే భవనం ముందు రూపు, ముచ్చటగా ఉంది. కానీ మున్సిపాలిటీలో ఎలివేషన్‌కు మార్కులు వేయరు. వచ్చే వారమే ఆన్‌లైన్‌లో అనుమతికి పెట్టేస్తానని రాశావు కాబట్టి కాస్త ఆగమని చెప్పడానికే ఈ ఉత్తరం. టౌన్ ప్లానింగ్‌లో పనిచేసినన్నాళ్ళూ ఆగిపోయిన ఫైళ్ళు ఎన్నో చూశాను. బొమ్మ బాగాలేక ఆగినవి తక్కువ. దస్తావేజులో ఒక కొలత, నేల మీద మరో కొలత, డ్రాయింగులో మూడోది ఉండటం వల్ల ఆగినవే ఎక్కువ.

స్థలం దస్తావేజు 60 అడుగుల ముఖం, 90 అడుగుల లోతు, 600 గజాలు అంటోంది. తూర్పున 30 అడుగుల రోడ్డు అని హద్దుల్లో రాశారు. సరే, ఆ రోడ్డును ఎవరైనా కొలిచారా? ఎదురింటి ప్రహరీ నుంచి మీ హద్దు రాయి దాకా టేపు పట్టించు. పాత కాలనీల్లో కాగితం మీది 30 అడుగులు నేల మీద 24 అయిన వీధులు కోకొల్లలు. ఒకరు అరుగు కడతారు, మరొకరు మెట్లు దించుతారు, ఇంకొకరు మొక్కలకని కంచె వేస్తారు. అపార్ట్‌మెంటుకు రోడ్డు 9 మీటర్లు, అంటే 30 అడుగులు కావాలి. నీ వీధి 24 అడుగులే అయితే మధ్యగీత నుంచి 15 అడుగులు లెక్కగట్టి నీ వైపు 3 అడుగులు వదలాలి. అరవై అడుగుల ముఖానికి అది 180 చదరపు అడుగులు, అంటే 20 గజాలు. సెట్‌బ్యాకులు, అంటే భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీలు, ఆ కొత్త హద్దు నుంచే మొదలవుతాయి. ఇప్పుడు నీ డ్రాయింగులో ముందు వరుస స్తంభాలు ఎక్కడ పడతాయో ఒకసారి చూసుకో. కింద కార్లు నిలిపే స్టిల్ట్‌లో కారు తిప్పే చోటు అక్కడే ఉంది.

దస్తావేజు కొలతకూ స్థలం కొలతకూ తేడా వస్తే తక్కువదాన్నే పట్టుకో. ఎక్కువ చూపి వాదించి గెలిచినవాళ్ళను నేను చూడలేదు. నాలుగు భుజాలతోపాటు రెండు మూలగీతలు కూడా కొలవాలి. మూలలు లంబకోణంలో లేకపోతే భుజాలు సరిపోయినా విస్తీర్ణం తగ్గుతుంది. పరిశీలన చేసే సాఫ్ట్‌వేర్ నువ్వు టైపు చేసిన అంకెను నమ్మదు, గీసిన హద్దు గీత లోపలి వైశాల్యాన్ని తనే లెక్కగడుతుంది. ఆ గీత ఎక్కడా తెగకుండా మూసి ఉందో లేదో, ప్రతి గీతా డ్రాయింగు ఫైలులో దానికి కేటాయించిన పొరలో, అంటే లేయరులోనే ఉందో లేదో మీ డ్రాఫ్ట్స్‌మన్‌ను దగ్గర కూర్చోబెట్టుకుని చూడు. బాల్కనీని పొరపాటున గది లేయరులో గీస్తే లెక్కంతా తారుమారవుతుంది. లోపాలు సరిదిద్దమంటూ మున్సిపాలిటీ పంపే షార్ట్‌ఫాల్ లేఖల్లో సగం ఇలాంటి చిల్లర తప్పులకే వస్తాయి. చిల్లర తప్పే అయినా వారాలు తినేస్తుంది.

600 గజాలంటే 501 చదరపు మీటర్ల పైచిలుకు. రోడ్డుకు వదిలాక 500 లోపుకు వస్తుంది కాబట్టి స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుందని నీకెవరో చెప్పారట. తెలంగాణలో భవన అనుమతుల చట్టం, అదే టీఎస్ బీపాస్, 2020లో వచ్చినప్పటి నుంచీ ఆ దారికి స్థలం 500 చదరపు మీటర్లు, ఎత్తు 10 మీటర్లు మించకూడదు. స్టిల్ట్ మీద నాలుగు అంతస్తులు వేస్తూ పది మీటర్లలో ఎలా సరిపెడతావు? నీది అధికారులు పరిశీలించి అనుమతి ఇచ్చే సింగిల్ విండో దారే. అందులో 21 రోజుల గడువు ఉంది, దాటితే అనుమతి వచ్చినట్టే అన్న మాటా నిజమే. అయితే ఆ అనుమతి నువ్వు చెప్పిన వివరాల మీదే నిలబడుతుంది. తప్పుడు ధ్రువీకరణతో కట్టినదాన్ని నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా ఆ చట్టమే ఇచ్చింది.

ఇక కాగితాలు. స్థలం మీది లావాదేవీలు చూపే ఈసీ 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అప్పటి నుంచే తీయించు. లింకు దస్తావేజుల్లో, అంటే పాత యజమానుల దస్తావేజుల్లో సర్వే నంబరు ఒకటేనా, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఎ జాబితాలో అది ఉందా అన్నది చూడు. లేఅవుట్‌కు ఆమోదం లేకపోతే క్రమబద్ధీకరణ పథకం కింద ఇచ్చే ఎల్‌ఆర్‌ఎస్ ఉత్తర్వు కావాలి. స్థలం ముగ్గురు అన్నదమ్ములదని చెప్పావు. కట్టే నీకూ స్థలం వాళ్ళకూ మధ్య జరిగే డెవలప్‌మెంట్ అగ్రిమెంటు మీద ముగ్గురి సంతకాలూ ఉండాలి, అది రిజిస్టరై ఉండాలి. పెద్దాయన మాట ఇచ్చారు కదా అని తమ్ముళ్ళ సంతకం వాయిదా వేయకు. మాట మంచిదే, ఫైలుకు మాత్రం ఎక్కదు.

స్థలం వెనకున్న లోతట్టు గురించి నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు. అక్కడ వానాకాలంలో నీళ్ళు నిలుస్తాయని మీ అమ్మే నాకు ఫోనులో చెప్పింది. గ్రామ పటంలో అక్కడ కుంట ఉందేమో ముందు చూడు. నిబంధనల ప్రకారం పది హెక్టార్లూ అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువు, కుంట, శిఖం (చెరువు గర్భంలోని) భూమి అయితే 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల కంటే వెడల్పైన నాలాకు (వరద కాలువకు) 9 మీటర్లు, చిన్నదానికి 2 మీటర్లు. నీ 90 అడుగుల లోతులో 9 మీటర్లు పోతే ఈ ప్లానే మిగలదు. నీటిపారుదల, రెవెన్యూ శాఖల నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకున్నాకే అన్నదమ్ములకు అడ్వాన్సు ఇవ్వు. ఇప్పటికే ఇచ్చేశావా? అయితే ఆ పత్రం కోసం రేపే దరఖాస్తు పెట్టు.

డబ్బు సంగతి ఒకటి. నిర్మిత విస్తీర్ణంలో 10 శాతం మున్సిపల్ కమిషనర్ పేరిట మార్ట్‌గేజ్ (తనఖా) చేయాలి. కట్టడం పూర్తయ్యాక మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేదాకా ఆ భాగం విడుదల కాదు. పన్నెండు ఫ్లాట్లకు లెక్క వేస్తే ఒక ఫ్లాటు చాలదు, రెండోది కూడా కదలదు. కాబట్టి అవి నీ వాటాలోవో, స్థలం వాళ్ళ వాటాలోవో అగ్రిమెంటులోనే రాసుకో. ఆ రెండింటినీ ఎవరికీ చూపించకు. అసలు స్థలం 500 చదరపు మీటర్లు గానీ, ఫ్లాట్లు ఎనిమిది గానీ దాటితే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ అయిన రెరా ఇచ్చే నంబరు లేకుండా ఏ ఫ్లాటుకూ ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. వాట్సాప్‌లో పెట్టే బ్రోచరు కూడా ప్రకటనే.

వాస్తు చెప్పే ఆయన్ను డ్రాయింగు ఖరారు కాకముందే పిలవండి. అనుమతి వచ్చాక మెట్లు నైరుతికి జరపమంటే సవరణ ప్లాను పెట్టాలి, లేదా ప్లాను తప్పి కట్టినట్టు, అంటే డీవియేషన్ అవుతుంది. రెండోదే సులభమని పక్కవాళ్ళు చెబుతారు. ఆక్యుపెన్సీ కోసం తిరిగేటప్పుడు ఆ పక్కవాళ్ళు కనబడరు.

అన్నీ నేను చూసుకుంటానంటూ ఒకాయన తిరుగుతున్నాడని రాశావు. లైసెన్సున్న సాంకేతిక నిపుణుడు సంతకం చేయడం వేరు, ఇతను వేరు. దరఖాస్తుకు నీ సొంత ఫోను నంబరే ఇవ్వు. షార్ట్‌ఫాల్ వచ్చిన సంగతి ముందు నీకు తెలియాలి.

అన్నదమ్ముల్లో మూడోవాడు డాలస్‌లో ఉన్నాడన్నావు కదా. అతని పవర్ ఆఫ్ అటార్నీ కాన్సులేట్‌లో ధ్రువీకరణ అయి ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు రుసుము కట్టి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర వ్యాలిడేట్ చేయించాలి. అది చేతికి వచ్చేదాకా ఎలాగూ అప్‌లోడ్ చేయలేవు. ఈ లోపల రోడ్డు కొలిచి, మూలగీతల లెక్కలతో సహా నాకు పంపించు.

మీ మామయ్య